ఇంటిపేరేంది? (టీకా తాత్పర్య సహితము)

అవతారిక

నడిగూడెమున పెండ్లిపందిటి కుర్చీలోనో, కోదాడనుండి వచ్చు బస్సు దిగినచోట టీకొట్టు బల్లమీదనో పరగ్రామపు పడుచువాడొకడు కూర్చుండగా, భుజముమీది కండువాతో మొగము తుడుచుకొని, దాపునకు జరిగి, గొంతు సవరించుకొని ఒక పెద్దమనిషి సంధించు ప్రశ్నత్రయము తెలుగునాట పుట్టినవారెల్లరు విన్నదే. అయినను దానికి వ్యాఖ్యానము వ్రాసినవాడు నేటివఱకు కానరాడు. కాళిదాసు కావ్యములకు టీకలు రచించిన మల్లినాథసూరికి ఈ లోపము తోచకపోవుట మఱింత వింత. ఏలయన ఆతని యింటిపేరు కోలాచలము, అది మెదకుసీమలోని కొల్చారమను పల్లెపేరునకు తొడిగిన సంస్కృతవేషమని పెద్దలు చెప్పుదురు. మూలమున లేనిది వ్రాయనని ఆ మహానుభావుడు పట్టిన వ్రతము మేము పట్టజాలము. మూలము మూడు ముక్కలు, చెప్పవలసినది మూడు పుట్లు.

మూలము

"ఏ ఊరు నాయనా మీది? ఇంటిపేరేంది? ఎవరోళ్లు?"

ప్రతిపదార్థము

ఏ ఊరు మీది = మీరు కాపురముండు గ్రామమేది యని వాచ్యార్థము; మీ తాతకు పొలము ఎచ్చట నుండెనని లక్ష్యార్థము; ఆ యూర మాకు చుట్టములున్నారు సుమా, అబద్ధమాడిన తెలిసిపోవునని వ్యంగ్యార్థము. నాయనా = పేరు తెలియని చిన్నవానియెడ వాడు సంబోధనము. ఇంటిపేరు = పేరునకు ముందుండి, వ్రాతలో పొడియక్షరమై కుదించుకొనిపోవునది. ఏంది = 'ఏమి' యనుటకు నల్లగొండసీమ రూపము; వ్యాకరణకర్త చిన్నయసూరి యొప్పకున్నను సూర్యాపేట యొప్పుకొన్నది. ఎవరోళ్లు = ఎవరి తాలూకువారు; కులమడుగుట మర్యాద కాదని యెఱిగినవారు కులమడుగు విధము.

వ్యాఖ్య

మొదటి రెండు ప్రశ్నలును వేఱువేఱని తోచునుగాని, తఱచు చూడగా అవి యొక్కటే ప్రశ్నకు రెండు తరముల రూపములు. తెలుగువారి యిండ్లపేళ్లలో ఊళ్లపేళ్లకే పెద్దపీట. చిలుకూరునుండి కదలినవారు చిలుకూరివారు, వెలుగోడు విడిచినవారు వెలుగోటివారు. వ్యాకరణవేత్తలు ఔపవిభక్తికమని పేరు పెట్టిన ఆ చివరి యక్షరపు మార్పులోనే 'అచ్చటివారు, ఇచ్చట లేరు' అను సమాచారమంతయు ఇమిడియున్నది. నడిగూడెమున పుట్టి, నడిగూడెమున పెరిగి, ఆ మట్టిలోనే కలియువానిని నడిగూడెమువాడని అచ్చట నెవ్వరును పిలువరు. ఆ గుర్తు అందఱికిని సమానమగుటచే ఎవ్వనిని గుర్తింపజాలదు. ఆతడు మూటముల్లె కట్టుకొని మిర్యాలగూడెము చేరి, బియ్యపు మిల్లుల వీథిలో కొట్టొకటి తెఱచినప్పుడు గదా 'నడిగూడెంవారి కొట్టు' అను మాట పుట్టుట! ఆతని మనుమని కాలమునకు కొట్టు పోవచ్చును, మాట మిగులును. కావున ఊరిపేరు ఇంటిపేరైన వంశమును ఆ యూర వెదకబోవుట, తపాలా ముద్ర చూచి ఉత్తరమును మరల అదే తపాలాకచేరిలో వెదకుటవంటిది.

ఇందొక చిక్కు గలదు. చిలుకూరొక్కటియే యైన బాగుండెడిది. కోదాడ చెంతనొక చిలుకూరు, హైదరాబాదు చెంత బాలాజీ వెలసిన చిలుకూరు మఱొకటి. రెంటినుండియు జనము వలసపోయియుండిన ఇద్దఱును చిలుకూరివారే, ఒకరికొకరు ఏమియు కారు. వేముల, చింతల, మఱ్ఱి, రావి మొదలైన వృక్షసంబంధ నామములమాట చెప్పనే యక్కఱలేదు. వేపచెట్టులేని ఊరు తెలుగుదేశమున కలదా? హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమునకు తన యింటనే చోటిచ్చిన రంగారావుగారి యింటిపేరు రావిచెట్టు. ఆ వంశమునకు నీడనిచ్చిన చెట్టు ఎచ్చటిదో గాని, తెలంగాణమున గ్రంథాలయోద్యమము ఆ నీడననే మొలచినది.

ఇక ఇంటిపేరు రక్తసంబంధమును చెప్పునా చెప్పదా యను వివాదమునకు నడిగూడెమునుండి దూరము పోనక్కఱలేదు. సూర్యాపేట ప్రక్కనున్న పిల్లలమఱ్ఱి చాలును. అచ్చటి శివాలయములు రేచెర్ల రెడ్లవి. 1195, 1208 సంవత్సరముల శాసనములు నేటికిని చూడవచ్చును. ఆ యింటిపేరివాడే యైన రేచెర్ల రుద్రుడు కాకతి గణపతిదేవుని సేనాని, 1213లో పాలంపేట రామప్పగుడి కట్టించినవాడు. కాకతీయసామ్రాజ్యము కూలిన పిమ్మట రాచకొండ దేవరకొండల నేలిన పద్మనాయక ప్రభువులును రేచెర్లవారే. సర్వజ్ఞ సింగభూపాలుడు ఆ వంశమువాడు. పిల్లలమఱ్ఱివారు రెడ్లు, రాచకొండవారు వెలమలు. పేరొక్కటి, కులములు రెండు. ఇంతకును ఆ పేరెక్కడిది? రేచెర్ల గోత్రమువారే యైన వెలుగోటివారి వంశావళి చెప్పు కథ విచిత్రము. ఆమనగంటి బేతాళనాయకునకు పొలమున నిక్షేపము కానరాగా, దానిని కాచు భూతము నరబలి కోరినదట. రేచడను మాలసేవకుడు తన తల నిచ్చుటకు తానై ముందుకు వచ్చి, మీ గోత్రమునకు నా పేరు పెట్టుకొనుడు, మీ యింట పెండ్లియైనప్పుడు ముందుగా మావారి పెండ్లి చేయించుడు, అని రెండు వరములు కోరెనట. ఆ పేరే రేచెర్ల. ఇది చరిత్రయో కాదో చరిత్రకారులు చూచుకొందురు. వ్యాఖ్యాత చూడవలసినది వేఱు: రాచకొండ సింహాసనమెక్కిన వంశము తన పేరునకు మూలపురుషుడు తన రక్తమువాడు కాడని, తన సేవకుడని తానే వ్రాయించుకొన్నది. వంశావళులయందు సూర్యచంద్రులను మూలపురుషులుగా తెచ్చుకొన్న రాజులు మనకు కోకొల్లలు. ఇట్టి యొప్పుకోలు అరుదు.

పిల్లలమఱ్ఱియు నొక యింటిపేరే. సాళువ నరసింహునకు జైమినిభారతమంకితమిచ్చిన పినవీరభద్రుడు పిల్లలమఱ్ఱివాడు. ఆతడు బ్రాహ్మణుడు. ఒక్క యూరిపేరు ఇట్లు ఎందఱెందఱి ముంగిట కాపురముండునో!

పూర్వపక్షము

ఇచ్చట జన్యుశాస్త్రవాది లేచి, పురుషునియందలి వై క్రోమోజోము తండ్రినుండి కొడుకునకే వచ్చును, ఇంటిపేరును అట్లే వచ్చును, కావున రెండును జంటయెడ్లు, ఒకటి చూచిన రెండవది తెలియును, అని వాదించును. ఆంగ్లదేశమున బ్రయన్ సైక్స్ అను శాస్త్రవేత్త 2000లో తన యింటిపేరు గలవారి జన్యువులనే పరీక్షించి, వారిలో సగమునకు చేరువగా ఒకే తీరు వై క్రోమోజోము గలదని తేల్చినాడు గదా యనును.

సమాధానము. మిగిలిన సగము మాటయేమి? అది యట్లుండనిండు. బొబ్బిలి మహారాజు వేంకట శ్వేతాచలపతి రంగారావుగారు పుట్టుకచేత వేంకటగిరి వెలుగోటివారి బిడ్డ. దత్తత పోయి బొబ్బిలి రావువారైరి. పేరొక దిక్కునకు, క్రోమోజోమొక దిక్కునకు నడచినవి. తెలుగు జమీందారీలలో ఎన్నియో దత్తతలతోడనే నిలిచినవి. ఇల్లరికపుటల్లుడు మామగారి పొలముతోపాటు ఇంటిపేరును పుచ్చుకొన్న చోటులు చిన్నయిండ్లలోను గలవు. ఆస్తి యెటు పోవునో పేరటు పోవును, క్రోమోజోమునకు ఆస్తియక్కఱలేదు.

గణితము చూడుడు. పదితరములు పైకెక్కిన ప్రతిమనిషికిని పూర్వుల స్థానములు 1,024. ఇంటిపేరు ఇచ్చినవాడు వారిలో నొక్కడు. తక్కిన 1,023 మంది మౌనముగా నున్నారు. ఐనను మన పెద్దలు ఒక్క కులమున ఇంటిపేరు గోత్రము కలిసినవని తెలిసిన మాత్రమున, పిల్లదానిని చూచిపోయిన పెండ్లిని కూడ ఆపుదురు. ప్రక్కనే మేనమామ కూతును వెనుకాడక చేసికొందురు. మేనమామ బిడ్డతో మనకు జన్యువులు ఎనిమిదింట నొకవంతు సమానము, పదితరముల క్రిందటి ఇంటిపేరు తాతనుండి మనకు వచ్చినది వేయింట నొకవంతు. స్మృతికారులు భాగహారమెఱుగరని అనరాదు. వారు లెక్కించినది వేఱొకటి. మేనరికములవలన ఆ 1,024 స్థానములలో ఒకే ముసలమ్మ నాలుగైదు కుర్చీలలో కూర్చుండుటయు మన వంశముల ప్రత్యేకత.

నెత్తురు నిజముగా చెప్పునది 'ఎవరోళ్లు' అను మూడవ ప్రశ్నకు సమాధానము. హైదరాబాదులోని సీసీఎంబీ యను జీవశాస్త్ర పరిశోధనాలయపు శాస్త్రజ్ఞులు లాల్జీసింగ్, తంగరాజ్ ప్రభృతులు హార్వర్డువారితో కలిసి 2009లో ప్రకటించిన పరిశోధనలో ఆంధ్రదేశపు వెలమ, వైశ్య, మాల, మాదిగ మొదలగు సముదాయములవారి నమూనాలు గలవు. దాదాపందఱును రెండు పురాతన జనసమూహముల కలయికయే, పాళ్లు మాత్రము వేఱు. 2013లో వారే మరల లెక్కవేసి, ఆ కలయిక యిప్పటికి 4,200 మొదలు 1,900 ఏండ్ల క్రిందటివఱకు విస్తారముగా జరిగెననియు, పిదప తలుపులు మూసికొనబడెననియు తేల్చిరి. వైశ్యులలో ఆ మూసివేత యెంత గట్టిదనగా, శస్త్రచికిత్సవేళ కండరములు సడలించుటకిచ్చు ఒక మందును హరించు ఎంజైము కొఱత వారిలో తఱచుగా కానవచ్చును. మత్తువైద్యులు రోగి వైశ్యుడా యని ముందే యడుగుట కలదు. టీకొట్టు పెద్దమనిషి ప్రశ్న ఆపరేషన్ గదిలోనికి పోయినదన్నమాట. ఈ కులకుడ్యము ముందు ఇంటిపేరు నిన్నమొన్నటి సున్నపుపూత. రేచెర్లవారి ఆ శాసనములు లెక్కించినను ఎనిమిది వందల యేండ్ల పైచిలుకు మాత్రమే.

మఱల నడిగూడెమునకు

నడిగూడెమున్న మునగాల పరగణా వింతైన నేల. నలుదిక్కుల నైజాము రాజ్యముండగా నడుమ కృష్ణాజిల్లాకు చెందిన దీవియై, మద్రాసు కాగితములలో నుండెడిది. ఆంధ్రప్రదేశ మేర్పడిన తరువాతనే నల్లగొండలో కలిసినది, 2016 అక్టోబరునుండి సూర్యాపేట జిల్లా. దీవిగా నున్ననాళ్లలో కోడలు అవతలి గట్టునుండి వచ్చెడిది, ఆడుబిడ్డ అవతలి గట్టునకు పోయెడిది. నైజాము కచేరీలో ఇంటిపేరు ఉర్దూలిపిలో పడి 'ళ'కారము పోగొట్టుకొనెడిది, మద్రాసు కచేరీలో ఆంగ్లలిపిలో పడి అదే 'ళ'కారము పోగొట్టుకొనెడిది. ఈ యొక్క విషయమున ఇద్దఱు దొరలకును ఏకాభిప్రాయము.

ఆ పరగణాకు రాజధాని నడిగూడెపు కోట. రాజుగారు నాయని వేంకటరంగారావు బహద్దరు. దివాను కొమఱ్ఱాజు లక్ష్మణరావు, విజ్ఞానచంద్రికామండలి యను గ్రంథప్రచురణసంస్థను 1906లో నడిపింపబూనిన పండితుడు. 'రాజు' పదము దివానుగారి యింటిపేరున నుండగా రాజ్యము నాయనివారికి దక్కినది. ఇంటిపేరు నమ్మి అర్జీ పెట్టుకొన్నవాడు అర్జీని రెండుమార్లు వ్రాయవలసినదే. అదే కోట నీడన ప్రత్తిపై పరిశోధన చేసినవాడు పింగళి వెంకయ్య. సూరనకవి మొదలు మాయాబజారు మాటల నాగేంద్రరావువఱకు తెలుగు వాఙ్మయము మోసిన యింటిపేరు ఆయనకుండనే యున్నది. జనము దానిని ప్రక్కకు పెట్టి ప్రత్తి వెంకయ్య యనిరి, జాతీయజెండాకు రూపమిచ్చినందుకు జెండా వెంకయ్య యనిరి, రత్నములు వెదకినందుకు డైమండు వెంకయ్య యనిరి, జపాను భాష పలికినందుకు జపాను వెంకయ్య యనిరి. ఇంటిపేరు పుట్టుట కండ్లార చూడగోరువారికి ఇంతకంటె మేలైన దృష్టాంతము లేదు. ఆ నాలుగింటిలో ఒక్కటియైనను బిడ్డల బడిరిజిస్టరునకు ఎక్కియుండిన నేడొక కొత్తవంశముండెడిది.

మారిషసుకు కూలిపనికై ఓడయెక్కిన తెలుగువారికి ఆ రిజిస్టరే విధియైనది. ఓడరేవు గుమాస్తా ఇంటిపేరడుగలేదు, పేరును తండ్రిపేరును వ్రాసికొనెను. వారి మనుమలకు తాతపేరే ఇంటిపేరైనది. అచ్చట పేరులోని ఊరి జాడ తెగిపోయినది.

తాత్పర్యము

పెద్దమనిషి మూడు ప్రశ్నలును ముగిసినవి. పడుచువాడు ఊరు చెప్పినాడు, ఇంటిపేరు చెప్పినాడు, మూడవదానికి నవ్వి తాతపేరు చెప్పినాడు. పెద్దమనిషి ముఖమున ఏ వెలుగును లేదు. ఊరిలో ఆ పేరివారు నాలుగిండ్లవారు, నలుగురును పాలివాండ్రు కారు. అప్పుడు మూలగ్రంథమున లేని నాల్గవ ప్రశ్న వెలువడును: "మీ అమ్మోళ్లది ఏ ఊరు?" ఈ ప్రశ్న ఇంటిపేరునడుగదు, ఏలయన ఆ తల్లి పుట్టింటిపేరును పెండ్లినాడే విడిచివచ్చినది. తల్లినుండి బిడ్డకు వచ్చు మైటోకాండ్రియా జన్యువువలె ఆ చుట్టరికము పేరులేకయే నడచును. తల్లిది మోతె మండలమని తేలగానే పెద్దమనిషి చేయి పడుచువాని తొడమీద పడును. "మోతె కాడ మా మేనత్తనిచ్చినోళ్ల ఇల్లు గాదూ? నువ్వు మాకు అల్లుడివైతవ్ గదయ్యా!" ప్రశ్న వేయునప్పుడు 'మీది' యనిన బహువచనము ఆ క్షణముననే రాలిపోయి 'నువ్వు' మిగిలినది. టీకొట్టువానికి రెండు టీలు చెప్పబడినవి. డబ్బులు అల్లుడియ్యరాదను వాదము ఇంకను తెగలేదు.