ఓనరు గారి రద్దయిన టీము

కోనసీమలో ఓనర్లకు కొదవలేదు. కొబ్బరి తోటకి ఓనరు, రొయ్యల చెరువుకి ఓనరు, ఇటుక బట్టీకి ఓనరు, ఏదీ లేకపోతే పెళ్ళిళ్ళ షామియానాకైనా ఓనరు. వీళ్ళెవరికీ లేని దర్జా మరో రకం ఓనరుకుంది. ఆయన ఆస్తి పదిహేను మంది మనుషులు. వాళ్ళలో ఒక్కడూ ఆయన్ని ఎరగడు. రావులపాలెం నుంచి అంతర్వేది దాకా ఏ ఊరెళ్ళినా ఇలాంటి మహానుభావుడు ఒకాయన తగులుతారు. ఊరు ఆయన అసలు పేరు ఎప్పుడో మరిచిపోయి ‘ఓనరు గారు’ అని పిలుస్తుంది. ఆయన నడిపేది ఫాంటసీ ఫుట్‌బాల్ టీము.

ఓనరు గారిని పోల్చుకోవడం తేలిక. యాభై దాటిన వయసు, లుంగీ, ఓ చేతిలో ఫోను, రెండో చేతిలో చార్జరు. ఆయన ‘మావాళ్ళు’ అన్నారంటే చుట్టాల సంగతి కాదు. ఓసారి అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో నిలబడి, “మా డిఫెండరుకి మోకాలు పోయిందండి, ఆర్నెల్లు మంచమేనంట” అని దిగాలుగా అన్నారు. పక్కనున్న పెద్దాయన, “అయ్యో, అమలాపురంలో మంచి ఎముకల డాక్టరున్నాడండి, నాటుకట్టు జోలికి మాత్రం పోకండి” అని ధైర్యం చెప్పాడు. “ఆయ్, లండన్‌లో చూపిస్తన్నారండి” అన్నారు ఓనరు గారు. ఆ ఒక్క మాటతో మార్కెట్లో ఆయన పరపతి అమాంతం పెరిగింది. సాయంత్రానికి ఇద్దరు అప్పుకి కూడా వచ్చారు.

ఆటేమిటో తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఇంగ్లండు ప్రీమియర్ లీగు వారి ఫాంటసీ పోటీలో చేరడానికి పైసా కట్టక్కర్లేదు. ప్రతివాడికీ కాగితం మీద 100 మిలియన్ పౌండ్లు ఇస్తారు, అంటే మన లెక్కలో వెయ్యి కోట్ల పైమాట. దాంతో పదిహేను మందిని కొనాలి, ఒకే క్లబ్బు నుంచి ముగ్గురికి మించకూడదు. వాళ్ళలో పదకొండు మందిని బరిలోకి దింపి, ఒకణ్ణి కెప్టెన్ని చేయాలి. అక్కడ నిజం మ్యాచిలో వాళ్ళు గోలు కొడితే ఇక్కడ మనకి పాయింట్లు. కెప్టెన్‌వి రెట్టింపు. మార్పులు అతిగా చేస్తే ఒక్కోదానికి నాలుగు పాయింట్లు కోత. కనుమ నాడు జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ రుద్రులు ప్రభల మీద తరలివచ్చినట్టు, వారం వారం పదకొండు మంది వీరులు ఓనరు గారి ఫోన్లోకి విచ్చేస్తారు. తోటలో కొబ్బరికాయకి పావలా దగ్గర గంటసేపు బేరమాడే మనిషి, ఫోన్లో నూట పాతిక కోట్లకి మారు మాట్లాడకుండా ఫార్వర్డుని కొంటారు.

దీన్ని పని లేనివాళ్ళ పిచ్చి అని కొట్టిపారేయకండి. ఈ వేడుకకి మూలపురుషుడు విన్‌కెన్‌బాక్ అనే అమెరికావాడు. ఓక్లాండ్ రైడర్స్ అనే నిజం టీములో ఆయనకి వాటా ఉండేది. అయినా 1962లో న్యూయార్కు హోటల్లో కూర్చుని, స్నేహితులతో కలిసి కాగితం టీములకి నియమాలు రాశాడు. నిజం టీములో వాటా ఉన్నవాడికే ఆశ తీరలేదంటే, అరెకరం తోట ఉన్న మన ఓనరు గారిని ఏమనగలం?

ఓనరు గారి టీము చరిత్ర ఓ చావుతో మొదలవుతుంది. 2008లో ఐపీఎల్ పెట్టినప్పుడు ఆయన ప్రాణమంతా డెక్కన్ చార్జర్స్ మీద. ఆ ఏడు వాళ్ళు పద్నాలుగు మ్యాచుల్లో రెండే నెగ్గి అట్టడుగున పడ్డారు. మరుసటేడు దక్షిణాఫ్రికాలో గిల్‌క్రిస్ట్ సారథ్యంలో కప్పు కొట్టారు. 2012లో ఆ జట్టునే రద్దు చేశారు. “ఎవరో పెట్టి ఎవరో ఎత్తేసే టీము మనకెందుకండి? మనదే మనం పెట్టుకుంటే పోలా” అని ఆయన ఆనాడే తీర్మానించారు.

ముందు చూపు క్రికెట్ ఫాంటసీ మీద పడింది. 2020లో ఐపీఎల్ పేరు ముందు డ్రీమ్ 11 అనే ఫాంటసీ యాప్ పేరు మోగుతుండగానే, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించింది. ఓనరు గారు డబ్బుల్లేని ఫాంటసీకి దిగారు. అందులోనూ సుఖం లేదు. 2022 మే 24న అమలాపురంలో గొడవలు జరిగి, జిల్లా అంతా ఇంటర్నెట్ ఆగింది. అవతల ఐపీఎల్ ఆఖరి మ్యాచులు. సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళు సిగ్నలు కోసం లాప్‌టాపులు పట్టుకుని జిల్లా దాటుతుంటే, ఓనరు గారు కూడా బండేసుకుని ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్ళారు. కోనసీమలో మగవాడు పని చెప్పకుండా యానాం వెళ్ళొచ్చాడంటే ఇంట్లో ఇంకేం అడగరు, దగ్గరికొచ్చి వాసన చూస్తారు.

“తాగలేదే బాబూ, కెప్టెన్ని మార్చొచ్చాను!” అన్నారాయన.

“ఇంతకంటే తాగొచ్చానన్నా బావుండేదండి” అన్నారు వాళ్ళావిడ.

ఆ ఏడాది చివర్లో ఖతార్‌లో ఫుట్‌బాల్ ప్రపంచకప్పు జరిగింది. రాజోలు వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారు కదా, కువైట్ బావమరిది ఫోన్ చేసి ఫుట్‌బాల్ రుచి చూపించాడు. అక్కణ్ణించి కొత్తపేట, రాజోలు, కువైట్, డల్లాస్ బంధువులంతా కలిసి ఓ లీగు పెట్టుకున్నారు. సీజను చివర అట్టడుగున ఉన్నవాడు అందరికీ ఆత్రేయపురం పూతరేకులు పంపాలి. మొదటి ఏడు పూతరేకులు ఓనరు గారే పంపారు.

దానికి కారణం ఆయన సిద్ధాంతాలు. అందరూ కొన్నవాణ్ణి ఆయన కొనరు. ముందు సీజన్లో 36 గోల్స్ కొట్టిన హాలండ్‌ని “అందరెక్కిన బస్సు మనకెందుకండి” అని వదిలేశారు. గోలు కొట్టనివాణ్ణి ఆ వారమే అమ్మేస్తారు. అమ్మిన వారమే వాడు రెండు కొడతాడు. మళ్ళీ కొంటారు. ఈ కొనుగోళ్ళలో నాలుగు చొప్పున పాయింట్లు గోదాట్లో కలిసిపోయేవి. ఎక్కువ వారాలు శనివారం తొలి మ్యాచికి గంటన్నర ముందు గడువు. అంటే మనకి వేసవిలో మధ్యాహ్నం మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. ఆ వేళకి దింపు కూలీలు చెట్టు మీంచి “గెల కొయ్యమంటారా?” అని అరిస్తే, ఓనరు గారు ఫోన్లోంచి తలెత్తకుండా “అమ్మేయండి!” అనేవారు.

2024 ఆగస్టులో ఆయనకి జ్వరమొచ్చి, టీము కట్టే భారం డిగ్రీ చదివే కూతురి మీద పడింది. ఆ పిల్ల లివర్‌పూల్ ఆటగాడు సలాని కొని కెప్టెన్ని చేసింది. ఓనరు గారు లేచి చూసి, “ముప్పై రెండేళ్ళోడికి పన్నెండున్నర మిలియన్లా?” అని లబలబలాడారు. అతణ్ణి అమ్మే ముహూర్తం చూస్తుండగా, అక్టోబరులో లీగు వాట్సాప్ గ్రూపులో కువైట్ బావమరిది పూతరేకుల ఫొటో పెట్టి, “బావగారూ, ఈసారి జీడిపప్పు ఎక్కువేయించండి” అన్నాడు. పౌరుషం పొడుచుకొచ్చింది. “ఆత్మగౌరవానికి భంగం కలిగినందున ఈ టీమును నేటితో రద్దు చేయడమైనది” అని మంత్రి రాజీనామా లేఖలా పోస్టు పెట్టి, గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఫోన్లోంచి యాప్ తీసేశారు.

అయితే ఈ ఆటలో ఓనరు రద్దు చేశానన్నంత మాత్రాన టీము రద్దు కాదు. ఎవరూ ముట్టుకోకపోతే పాత జట్టే వారం వారం బరిలోకి దిగుతుంది. ఎవడైనా ఆడకపోతే బెంచి మీదివాడు తనంతట తనే లోపలికొస్తాడు. కెప్టెన్ సలా ఆ సీజన్లో 38 మ్యాచులకి 38 ఆడి, 29 గోల్స్ కొట్టి, 18 కొట్టించాడు. మొత్తం 344 పాయింట్లు. కెప్టెన్ కాబట్టి అన్నీ రెట్టింపే. గాలికొదిలేసిన టీము మేలో సీజను ముగిసేసరికి లీగులో రెండో స్థానంలో తేలింది. పూతరేకులు కువైట్ బావమరిది పంపాల్సి వచ్చింది.

2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధిస్తూ పార్లమెంటు చట్టం చేసింది. డ్రీమ్ 11 డబ్బు పోటీలు ఆపేసి, భారత క్రికెట్ జట్టు చొక్కా మీంచి కూడా తప్పుకుంది. ఊళ్ళలో అప్పులు చేసి ఆడినవాళ్ళ ఇళ్ళు ఇకనైనా కుదుటపడాలి. డబ్బుతో పనిలేని ఓనరు గారి ఆటకి ఆ చట్టంతో ఇబ్బంది లేదు. అయినా ఆయన మాత్రం “చూశారా, ఢిల్లీ వాళ్ళు ఇప్పుడు ఆపారు, నేను పది నెలల ముందే ఆపేశానండి” అని కాలవ గట్టున చెప్పుకుంటున్నారు.

తన టీముకి ఆయన చేసిన సేవల్లో అన్నిటికంటే గొప్పది రాజీనామా. మీ ఇంట్లోనూ ఇలాంటి ఓనరు ఒకాయన ఉండే ఉంటారు. వచ్చే ఆగస్టులో మళ్ళీ టీము పెడతానంటే అడ్డు చెప్పకండి. డబ్బు పోయే ఆట కాదని మాత్రం చూసుకోండి, పాస్‌వర్డు అమ్మాయి దగ్గరే ఉంచండి.