నీళ్ల ట్యాంకు కింది రాణి ఈగ గారికి

శ్రీమతి రాణి తేనెటీగ గారికి,
నీళ్ల ట్యాంకు అడుగుభాగం, సుల్తానాబాద్, పెద్దపల్లి జిల్లా.

విషయం: వచ్చే ఏడు కూడా మా ఊరికి దయచేయాలని విన్నపం.

అమ్మా,

ఏ ఆఫీసుకో రాయాల్సిన దరఖాస్తు మీకు రాస్తున్నానని నవ్వకండి. బీరపాదుకు పిందె నిలబెట్టే సెక్షన్ ఏ ఆఫీసులోనూ లేదు. ఆ ఫైలు మీ దగ్గరే ఉంది.

నిజానికి మీకూ సంతకం పెట్టే అధికారం లేదట. గుడ్లు పెట్టడం వరకే మీ వంతు. పట్టు ఎక్కడ కట్టాలి, ఎప్పుడు లేచిపోవాలి అన్నది కైకిలి ఈగలే నాట్యమాడి తేల్చుకుంటాయట. ఆ నాట్యం గుట్టు విప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతి కూడా ఇచ్చారు. పేరొకరిది, పని ఇంకొకరిది కావడం మాకేం కొత్త కాదు గనుక దరఖాస్తు మీ పేరు మీదే పెడుతున్నాను.

మా ఊరి సంగతి మీకు పైనుంచి కనిపిస్తూనే ఉంటుంది. రాజీవ్ రహదారి పొంటి రైసు మిల్లులు, వాటి వెనుక పొలాలు. కాకతీయ కాలువ నీళ్లొచ్చాక చెలకలు మళ్లయ్యాయి, నువ్వులూ కందులూ పక్కకు జరిగాయి. వరికి మీ అవసరం లేదు. వరి పువ్వు పొద్దున కాసేపు తెరుచుకుంటుంది, తన పుప్పొడి తన మీదే రాల్చుకుంటుంది, మూసుకుంటుంది. అందుకే "ఈగలతోని మనకేం పని?" అని మావాళ్ల ధీమా. బియ్యం బస్తా వరకు ఆ మాట ఒప్పే. మరి వట్టన్నం ఎవరు తింటారు? బీర, ఆనిగెపు, కాకర, గుమ్మడి, అన్నిటికీ మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. నడుమ ఎవరో ఒకరు తిరగకపోతే పిందె పచ్చబడి రాలిపోతుంది. మందు సరిపోలేదేమో అనుకుని మేము ఇంకో డబ్బా కొంటాం.

ఆ మందు ముచ్చటే చెప్పాలి. ఇమిడాక్లోప్రిడ్‌తో పాటు మరో రెండు మందులు మీ జాతికి చేటని ఐరోపా సమాఖ్య 2018లో వాటిని ఆరుబయట వాడకుండా నిషేధించింది. మా దగ్గర పత్తి విత్తనం ఇమిడాక్లోప్రిడ్ పట్టించాకే సంచిలోకి వస్తుంది. మందు మానేయమని రైతుకు చెప్పేంత మొగోణ్ని కాను. పంట పోతే అప్పు కట్టేది నేను కాదు. పూత మీదున్న చేనుకు పొద్దుగాల మాత్రం కొట్టొద్దని అడగగలను. పొద్దుగూకాక కొడితే మీవాళ్లు చాలామంది అప్పటికి ఇల్లు చేరి ఉంటారు. వెన్నెల రాత్రుల్లో మీ కొండ తేనెటీగలు ఓవర్‌టైం చేస్తాయని విన్నాను, ఆ ఒక్కటీ మీరే కాస్త చూసుకోవాలి.

ఇక బతుకమ్మ. 2014 నుంచి రాష్ట్ర పండుగ, తంగేడు రాష్ట్ర పుష్పం. తంగేడు పువ్వును దగ్గర పెట్టుకుని చూస్తే తెలుస్తుంది: నడుమ గొట్టాల్లాంటి కేసరాలు, కొసన సన్నటి రంధ్రం, పుప్పొడంతా లోపలే. తేనె చుక్క ఉండదు. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కరుచుకుని ఝుమ్మని ఒళ్లంతా వణికిస్తే అప్పుడు పొడి రాలుతుంది. వంకాయ పూతదీ, టమాటాదీ ఇదే తీరు. కోపగించుకోకండి, ఈ విద్య మీ వంశానికి రాదు. కాబట్టి తుమ్మెదల తరఫున కూడా ఈ లేఖలోనే అడుగుతున్నాను: ఎండిన కట్టెలో, వెదురు బొంగులో బొర్ర చేసుకుని అవి కాపురముంటాయి. వెనక పెరట్లో ఒక ఎండు దుంగ పడి ఉంటే ఇంటి అందం చెడదు. మట్టిలో బొక్కలు చేసుకునే ఈగలూ ఉన్నాయి. వాకిలంతా సిమెంటు పోసిన ఇంట్లో వాటికి అడుగు పెట్టే జాగా లేదు.

బతుకమ్మలో పేర్చే గునుగైతే అంగడి సరుకయింది. ఒకప్పుడు చేన్లలో కలుపుగా తెల్లగా ఊగేది, పీక్కొస్తే సరిపోయేది. గడ్డిమందు ఒడ్ల మీదికి ఎక్కినప్పటి నుంచి కట్టల లెక్కన కొంటున్నాం. ఒడ్డు మీద పంట వేయం, మరి అక్కడి గునుగుకూ తంగేడుకూ మందెందుకో నాకు అంతుబట్టదు. మీకు తిండి, మాకు పండుగ, రెండూ ఆ మూరెడు ఒడ్డు మీదే ఉన్నాయి.

గుమ్మడి పువ్వును గౌరమ్మగా పెట్టుకునే అమ్మలకు ఒక మాట: పువ్వు వెనక బొటనవేలంత ఉండ కనిపిస్తే అది ఆడపువ్వు, తెంపకండి. సన్నటి కాడ ఒక్కటే ఉంటే మగది. పొద్దెక్కాక, ఈగలు తిరిగి పోయాక కోయండి.

మీ పేరిట ఐక్యరాజ్యసమితి మే 20న దినోత్సవం పెట్టింది. ఆనాటికి ఇక్కడ ఎండ ఎట్లుంటుందో మీకు తెలుసు. సభలూ శాలువాలూ వద్దు. ఒక మట్టి మూకుడులో నీళ్లు పోసి, కాళ్లు ఆనడానికి నాలుగు గులకరాళ్లు వేస్తే చాలు. బకెట్లో పడి చచ్చే ఈగలు తగ్గుతాయి.

మిగతాది మావాళ్లకు. ట్యాంకు కింద పట్టు కనిపించగానే రాయి వేయకండి, రాత్రిపూట కాగడా పట్టకండి. పిల్లల్ని ఇంకో దారిన నడిపించండి. కొండ తేనెటీగలు కాపురం శాశ్వతంగా పెట్టవు. పూల కాలం అయిపోగానే పట్టు వదిలేసి వాటంతట అవే లేచిపోతాయి.

ఇట్లు,
బీరకాయ కూర తినే ఒక సుల్తానాబాద్ వాసి