కషాయం బావగారు

డిసెంబరు సగానికొచ్చేసరికి అమీర్‌పేట, పంజాగుట్ట అపార్టుమెంట్లలో ఏదో ఒక అంతస్తు నుంచి లవంగం, కమలాతొక్క కలిసిన వాసన మెట్ల మీదుగా కిందికి దిగుతుంది. పైవాళ్లు బిర్యానీ దమ్ముకి పెట్టారనుకుంటే పొరపాటు. అక్కడ వైను కాగుతోంది. కాచేది బావగారు. ప్రతి చుట్టరికంలోనూ ఈయన ఒకరుంటారు. మైత్రీవనం చుట్టుపక్కల శాప్ సాఫ్ట్‌వేర్ కోర్సు చేసి, ఆ శాప్ పుట్టిన జర్మనీకే ఆన్‌సైట్ వెళ్లి, అక్కడి క్రిస్మస్ సంతలో వణుకుతూ గ్లూవైన్ అనే వేడి మసాలా వైను తాగి, కప్పుకి కట్టిన డిపాజిట్ వదులుకుని ఆ కప్పుతో సహా తిరిగొచ్చిన మనిషి. కప్పు ఇప్పటికీ షోకేసులో కొండపల్లి బొమ్మల మధ్య ఉంటుంది, దాన్ని ఎవరూ కడగకూడదు. ఆయనకి ఫారిన్ మోజు పట్టిందని చుట్టాలంతా తేల్చేశారు. నా లెక్క వేరు. ఆయన కాచేది కషాయం. చిన్నప్పుడు ముక్కు మూసి గొంతులో పోస్తే ఉమ్మేసిన ఆ కషాయం దగ్గరికే, జర్మనీ మీదుగా చుట్టు తిరిగి వచ్చారు.

దినుసులు చూడండి: దాల్చినచెక్క, లవంగాలు, అనాసపువ్వు, గీకిన జాజికాయ, కమలాతొక్క, తీపికి తేనో బెల్లమో. వైనొక్కటి పక్కన పెడితే మిగిలినవన్నీ వంటింటి డబ్బాల్లోవే. పద్ధతీ అంతే. ఆల్కహాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది గనక గిన్నె పొంగకూడదు, సన్నసెగ మీద మూతపెట్టి వదిలెయ్యాలి. పెద్దవాళ్లు ఈ పని ఆవిరిని చూసి చేసేవారు. బావగారు ఆన్‌లైన్లో తెప్పించిన థర్మామీటరు చూసి చేస్తారు, ముల్లు 70 దాటిందా, ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. తొక్క వెనక తెల్లపొర చేదని, దాన్ని గీకి తియ్యాలని ఆయనిచ్చే ఉపన్యాసం గీకడం కంటే ఎక్కువసేపు పడుతుంది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం కొలత. 750 మిల్లీలీటర్ల సీసా ఒకటి, వచ్చినవాళ్లు తొమ్మిదిమంది. మనిషికి ఎనభై చిల్లర మిల్లీలీటర్లు. పార్టీలో పోసే కొలత ఇది కాదు, మోతాదు. పైగా పోస్తూ ఆయన అనే మాట: "వేడిమీదే తాగెయ్యండి, గొంతుకి మంచిది." మందు అలవాటున్న ఏ మనిషీ పక్కవాడి గొంతు గురించి ఇంత దిగులు పడడు.

కషాయంలో మత్తు ఉండదు కదా అని అడ్డు తగిలేవాళ్లున్నారు. వాళ్లు ఒక్కసారి ఆయుర్వేద మందుల షాపుకి వెళ్లి ద్రాక్షారిష్టం సీసా తిప్పి చదవాలి. ద్రాక్ష, బెల్లం, ధాతకీ పువ్వు వేసి పులియబెట్టి, దాల్చినచెక్క, ఏలకులు, మిరియాలు, పిప్పళ్లు దట్టించిన మందు అది. అందులో తనంతట తాను పుట్టిన ఆల్కహాల్ ఎంతుందో లేబులు మీదే అచ్చేస్తారు. ఆకలి పుట్టడానికని దాన్ని రెండు మూతలు తాగే పెద్దమనిషే బావగారి గిన్నె చూసి ముఖం చిట్లిస్తారు. ఇదంతా పరాయి దేశపు అలవాటన్న మాటా నిలవదు. రోమన్లు వైనులో తేనె, మిరియాలు కలిపి తాగేవారు, అపీషియస్ పేరున్న వంటపుస్తకంలో ఆ వంటకం ఉంది. మిరియాలు వాళ్లకి ఎక్కడివి? మలబారు నుంచి ఓడెక్కి వెళ్లినవే.

అసలు హైదరాబాదులో చలెక్కడిది అన్న ప్రశ్న కాస్త బలమైనది. డిసెంబరు రాత్రి ఇక్కడ మామూలుగా పద్నాలుగు, పదిహేను డిగ్రీల దగ్గర ఆగుతుంది. ఆ మాత్రానికి జర్మనీలో స్వెట్టరు విప్పేస్తారు. అందుకే బావగారు బాల్కనీ తలుపు బార్లా తీస్తారు, చలికంటే ముందు మెట్రో చప్పుడూ హారన్లూ లోపలికొస్తాయి. అయినా నేను ఈ విషయంలో ఆయన పక్షమే. చలి థర్మామీటరులో ఎంత ఉందన్నది ఎవరిక్కావాలి, పదిహేను డిగ్రీలకే మంకీక్యాపులు దిగే ఊరు మనది. మంకీక్యాపుకి ఉన్న హక్కు వేడివేడి ద్రాక్షరసానికి ఎందుకుండదు?

ఆయన్ని సమర్థించలేనిది ఒక్క ఖర్చు విషయంలోనే. బోర్డు మీద "వైన్స్" అని ఉన్న మన షాపుల్లో అమ్ముడయ్యేది విస్కీ, బీరు. అక్కడికెళ్లి నిజంగా వైను అడిగేవాణ్ణి కౌంటరు కుర్రాడు వింతగా చూస్తాడు, తర్వాత లోపల్నుంచి దుమ్ము దులిపి తియ్యటి పోర్టు సీసా తెస్తాడు. ఈ పనికి అది చాలు, ఇన్ని లవంగాలు పడ్డాక ఏ నాలుకా తేడా పట్టలేదు. బావగారికీ ఇది తెలుసు. తెలిసే, నాసిక్ నుంచి వచ్చే మంచి సీసా కొని, వచ్చినవాళ్లందరికీ లేబులు చూపించి, అందులో చారెడు పంచదార పోస్తారు.

ఈ కొలతలూ డిగ్రీలూ నాకింత ఖచ్చితంగా ఎలా తెలుసని మీరు అడగొచ్చు. మా వంటింట్లోనూ అనాసపువ్వు డబ్బా జనవరికల్లా ఖాళీ అవుతుందని ఒప్పుకుంటున్నాను. ఈ ఏడు బావగారు పిలిస్తే వెళ్లండి. గాజు గ్లాసులు వేడికి చిట్లుతాయని ఆయన స్టీలు గ్లాసుల్లో పోస్తారు. మీరు మాత్రం మొహమాటపడకుండా పింగాణీ కప్పు అడగండి, స్టీలు గ్లాసు పెదవి కాలుస్తుంది.