కొలిమి పండితుడు

సియాటిల్ చుట్టుపక్కల మన తెలుగువాళ్ళలో ఈయన లేని అపార్ట్‌మెంటు ఉండదు. వారమంతా సాఫ్ట్‌వేర్, శనివారం కళ. నిరుడు కుమ్మరి సారె, ఈ ఏడు గాజు ఊదడం. ఊరూ అందుకు తగ్గదే. 1971లో డేల్ చిహూలీ తదితరులు పిల్‌చక్ గాజు బడి పెట్టిన దగ్గర్నుంచి ఆ ప్రాంతంలో గాజు కొలుములకు కొదవ లేదు.

ముందురోజు రాత్రే యూట్యూబ్‌లో మురానో గాజు మేస్త్రీలందరినీ చూసేసి క్లాసుకొస్తారు. వచ్చీ రాగానే టీచరమ్మకే పాఠం మొదలు. "1962లో హార్వే లిటిల్‌టన్ టొలీడోలో చిన్న కొలిమి పెట్టి చూపించబట్టి కానీ, లేకపోతే ఇదంతా ఫ్యాక్టరీ పనే కదండీ!" ఆవిడ ఓపిగ్గా విని, "ముందా నైలాన్ జాకెట్ విప్పి రండి, వేడికి కరిగి ఒంటికి అంటుకుంటుంది" అంటుంది.

కొలిమి తలుపు తెరిస్తే లోపల సుమారు 1,100 డిగ్రీల సెల్సియస్. పాండిత్యం అక్కడే ఆవిరి. గొట్టం చివర కాస్త గాజు చుట్టి చేతికిచ్చి, "తిప్పుతూనే ఉండండి" అంటుంది ఆవిడ. మొదటి పాఠం అదే, చివరి పాఠమూ అదే. చెయ్యి ఆగితే గాజు నేలచూపులు చూస్తుంది. ఈయన చెయ్యి ఎందుకాగిందంటే, భార్య వీడియో తీస్తోందో లేదో చూసుకోవాలి కదా! టీచరమ్మ గొట్టం లాక్కుని, మళ్ళీ కాచి, ఉక్కు బల్ల మీద దొర్లించి గాజును దారికి తెస్తుంది.

ఇక ఊదడం. బుగ్గలు పూరించి, కళ్ళు తేలేసి ఊదినా బుడగ రాదు. "కొంచెం ఊది, గొట్టం నోరు బొటనవేలితో మూసేయండి చాలు." లోపల చిక్కిన గాలి వేడికి వ్యాకోచించి, బుడగ దానంతటదే పొంగుతుంది. "చూశావటోయ్!" అని గర్వంగా భార్య వైపు తిరుగుతారు. గాజు మళ్ళీ జారుతుంది.

అలా పూలకూజా అనుకున్నది గ్లాసై, గ్లాసు కాస్తా గిన్నెగా తేలుతుంది. అదైనా వెంటనే ఇవ్వరు. 480 డిగ్రీల బట్టీలో పెట్టి రాత్రంతా మెల్లగా చల్లారుస్తారు. పైభాగం ముందు చల్లబడి లోపల వేడి మిగిలితే పగుళ్ళే. "ఎక్స్‌ప్రెస్ డెలివరీ లేదా? ఎంతైనా కడతా" అంటారీయన.

మర్నాటికి వాట్సాప్ గ్రూపులన్నిటా ఫొటో: "స్వహస్తాలతో!" గాజు తీసింది, కాచింది, మలిచింది, గొట్టం నుంచి విడగొట్టింది టీచరమ్మ. ఊదింది ఈయన.

"ఇందులో ఏం పెట్టమంటారండీ? పచ్చడేస్తే ఓ పక్కకే జారుతోంది" అంటుంది భార్య. "కళలో పచ్చడేమిటే!" అని విసుక్కుని, ఆ తర్వాత చేసినవన్నీ గృహప్రవేశాలకు కానుకలుగా పంచేస్తారు. అవి తాంబూలంలో జాకెట్ ముక్కల్లా రంగు కాగితమైనా విప్పకుండా ఇల్లిల్లూ తిరుగుతుంటాయి.

తిరిగి తిరిగి వాటిలో ఒకటి, మొన్న పెళ్ళిరోజు కానుకగా ఈయన ఇంటికే చేరింది. ఈయన దాన్ని వెలుతురుకు పెట్టి, గోటితో మీటి, పెదవి విరిచారు.

"ఓ పక్క మందం, ఓ పక్క పలచన. తిప్పడం ఆపేశాడన్నమాట. పాపం, ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నట్టున్నాడు. ఓసారి నా దగ్గరికి రమ్మను, నాలుగు మెళకువలు చెబుతాను."