కీలు మార్చు పద్యమునకు టీకాతాత్పర్యము

మూలము (ఆటవెలది)

కీలు మార్చవలయుఁ గేంద్రము నుండియే
హోస్టులన్ని నిదుర నుండువేళ;
గడియ తేడయైనఁ గావలి శునకమ్ము
తలలు మూఁడు నెత్తి తరిమికొట్టు.

టీక: కీలు = కీట్యాబ్ అను ఫైలున దాగిన రహస్యములు; కేంద్రము నుండియే = కీలు పంచు కేడీసీ సర్వరు నుండి మాత్రమే; హోస్టులన్ని = ఆఫీసులోని యంత్రములన్నియు; నిదురన్ = నిద్రలో; ఉండువేళ = రాత్రి 2 గంటలప్పుడు (మేలుకొన్న అడ్మిన్‌ను కవి లెక్కించలేదు); కావలి శునకమ్ము = కెర్బెరోస్; తలలు మూఁడున్ ఎత్తి = మూడు తలలును లేపి. "నెత్తి" అని విడదీసి "తలకొక నెత్తి" అని చెప్పిన కొత్త కుర్రవాని వ్యాఖ్య పరిహరింపదగినది.

విశేషములు: ఈ శునకము గ్రీకుల యమలోకద్వారమున నుండునది. 1983లో ఎంఐటీలో మొదలైన ఎథీనా ప్రాజెక్టు వారు దీనిని కంప్యూటర్ల వాకిటికి తెచ్చిరి. అడుగువాడు, ఇచ్చువాడు, నడుమ సాక్షి. ఇవియే మూడు తలలందురు.

గడియ యనఁగా 24 నిమిషములు. ఈ కుక్క మామూలుగా ఓర్చునది గడియారముల నడుమ 5 నిమిషముల తేడయే. దొంగిలించిన పాత ప్రవేశపు చీటీని మరల చూపువానిని పట్టుటకా నియమము. కావున పద్యమున దోషమని పూర్వపక్షము. సమాధానము: తలుపునకు గడియయుఁ గలదు, కీలును గలదు, శ్లేష. నిజము వేఱు. "నిమిషము" వాడినచోఁ "గావలి"తో యతి కుదరదు.

నిద్రించు హోస్టునకుఁ గీ యెట్లు చేరును? ఇచట నిద్ర మనుష్యులది; ఊరు నిద్రించెనన్నట్లు లక్షణ. విండోస్ వారి పాఠాంతరము "కేంద్రముఁ జేరియే". అందు యంత్రమే 30 రోజుల కొకసారి తన రహస్యము మార్చుకొని కేంద్రమునకుఁ దెలుపును. మూడు నెలలు పడుకొన్న లాప్‌టాప్ కూడ లేచి పని చేసుకొనును. మా వాళ్లకీ పాఠము గిట్టదు.

పద్యము చెప్పని రహస్యమొకటి గలదు. కేటీయాడ్ అను ఆజ్ఞ కీని వ్రాసియిచ్చుట మాత్రమే కాదు, కొత్తదానిని పుట్టించి కీ సంఖ్య నొకటి పెంచును. ఒకే పేరున రెండు హోస్టులున్నచోఁ, రెండవదానికై ఆజ్ఞ నిచ్చితిమా, మొదటిది చచ్చినట్లే. పాత కీనిఁ గూడ, అంతకుముందిచ్చిన చీటీల గడువు తీరువఱకుఁ దుడువరాదు.

వ్యాఖ్యాత యీ రెండు తప్పులును ఒకే రాత్రి చేసెను. కేంద్రమున కీ సంఖ్య 4, మొదటి హోస్టున 3. రెండవ హోస్టున పాతది తుడిచివేసి కొత్తది మాత్రమే. తెల్లవారుజామున ఫోను: "అన్నా, నా పాస్‌వర్డు కరెక్టే కదా?"

కరెక్టే, తమ్ముడూ.