విడపనకల్లు కంబళి ఆత్మకథ

నేను నల్లగొఱ్ఱెల ఉన్నితో నేసిన కంబళిని. అనంతపురము జిల్లాలో బళ్ళారి సీమను ఆనుకొని యున్న విడపనకల్లు నా జన్మభూమి. నైరృతి ఋతుపవనములు పడమటి కనుమల కావలనే తమ జలభారమును దించుకొని రిక్తహస్తములతో వచ్చుటచేతను, ఈశాన్య ఋతుపవనములు తీరసీమలను తడిపి యిట చేరుసరికి క్షీణించుటచేతను, ఏడాదికి సగటున ఇంచుమించు 550 మిల్లీమీటర్ల వర్షముతో సరిపుచ్చుకొనవలసిన జిల్లా అది. పైరు మాడిన యేట పెక్కు సంసారములను నిలుపునవి గొఱ్ఱెలే. కురుబవారు వాని ఉన్నిని కత్తెరతో కత్తిరించి, వింటితో ఏకి, ఆడువారు రాట్నముపై వడికిన నూలునకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గముపై నన్ను నేసిరి. ఆ గంజి బిగువుచేతను, ఉన్నిలోని సహజమైన జిడ్డుచేతను, నా మేనిపై పడిన చినుకు త్వరగా లోనికి దిగదు.

నేను చెప్పబోవు కథ ఒక పాపది. ఆ పాప తాత నన్ను కొని తెచ్చి, నల్లరేగడి చేలలో శనగకును మిరపకును కావలి పండుకొన్న రాత్రులందు కప్పుకొనెడివాడు. ఆయన గతించిన పిమ్మట నేను అవ్వకును, అవ్వ ప్రక్కను పండుకొను పాపకును ఉమ్మడి సొత్తునైతిని. అవ్వ పుట్టిల్లు బళ్ళారి. కోపము వచ్చినప్పుడు కన్నడములోను, ముద్దు వచ్చినప్పుడు తెలుగులోను ఆమె మాటలాడెడిది. కథ చెప్పునప్పుడు మాత్రము ఏ వాక్యము ఏ భాషలో మొదలై ఏ భాషలో ముగియునో ఆమెకే తెలియదు. పాప ఆ రెంటిని వేఱుచేయకయే విని, వేఱుచేయకయే బదులు చెప్పెడిది. ఇది మా సరిహద్దు పల్లెల బిడ్డల కెల్ల సహజమైన విద్య. దానిని విద్యయని ఎవ్వరును లెక్కింపకుండుటచేతనే కాబోలు, తరువాత కొంతకాలము దానిని అందఱును మఱచిపోయిరి.

పాప తండ్రి అనంతపురములోని ఇంజనీరింగు కళాశాలలో చదివి, బెంగుళూరున కొన్నియేండ్లు పనిచేసి, 2014లో కుటుంబముతో కెనడా దేశపు టొరొంటో నగరమునకు తరలెను. పెట్టెలు సర్దునాడు నా విషయమై యింట వివాదము పుట్టెను.

“ఈ బొచ్చు వాసన ఆ దేశంలో ఎవురు పడ్తారత్తా?” అనెను పాప తల్లి.

“వాసనతో వాళ్లకేం పని? సలి బిడ్డకు కదమ్మా!” అని అవ్వ నన్ను నాలుగు మడతలు పెట్టి పెట్టెలో అదిమెను. నా బరువునకై రెండు పచ్చడి సీసాలు విడపనకల్లులోనే నిలిచిపోయినవి.

సెప్టెంబరులో పాపను నాలుగవ తరగతిలో చేర్చిరి. నే నా పాఠశాలను కన్నులార చూచినదాననుకాను. రాత్రివేళ నా మఱుగున తల దూర్చి పాప గొణిగిన మాటలవలననే నాకు దాని సంగతు లన్నియు తెలిసినవి. తల్లిదండ్రులకు చెప్పని మాటలు సైతము నాకు వినబడెడివి. మొదటి దినములలో ఆమె నెక్కుడుగ బాధించినది చదువు కాదు. మన బడులలో మూత్రవిసర్జనకు పోదలచిన బిడ్డ చిటికెనవ్రేలు పైకెత్తి చూపును, పంతులు తల యూపును, అంతటితో సరి. పాప ఆ పాఠశాలలో చిటికెనవ్రేలెత్తి నిలుచుండగా, పంతులమ్మ అది యేదో ఆటయని తలచి, తానును చిటికెనవ్రేలెత్తి ప్రేమతో నవ్వెను. పాప కూర్చుండిపోయెను. మధ్యాహ్నము వఱకు కాళ్లు ముడుచుకొని బిగబట్టిన ఆ బిడ్డ యవస్థను నేనా రాత్రి విని, ఉన్నినై పుట్టితి గనుక ఊరకుంటిని గాని, నోరున్నచో ఏమనియుందునో!

అటుపిమ్మట ప్రతిరాత్రియు నాలోపల ఒకటే పాఠము: “మే ఐ గో టు ది వాష్‌రూమ్.” మొదట ఒక్కొక్క మాటగా, పిదప రెండేసి మాటలుగా, తుదకు ఊపిరి తిప్పుకొనకుండ. వాక్యము వచ్చినను దానిని పగటివేళ పదిమందిలో పలుకు ధైర్యము వచ్చుటకు మఱి కొంతకాలము పట్టెను. నేర్చుటకును పలుకుటకును నడుమ నున్న ఆ యెడమును పెద్దలు గుర్తింపరు. బిడ్డ పలుకలేదు గనుక బిడ్డకు రాదని నిశ్చయింతురు.

నెలలు గడచుచున్నను పాప తరగతిలో నోరు విప్పలేదు. ఇరుగింటివా రొకరు, మేలుకోరియే, “ఇంటిలో తెలుగు మానివేసి ఇంగ్లీషే మాటలాడుడు” అని సలహా చెప్పిరి. తల్లి భయపడెను, రెండు వారములు ఆ యింట భోజనము వేళ నిశ్శబ్దమే రాజ్యమేలెను. తల్లికి వచ్చిన ఇంగ్లీషులో “తిను”, “త్వరగా”, “చాలు” అను మాటలు కలవు గాని, జొన్నరొట్టె విఱుచుచు బిడ్డతో ముచ్చటించుటకు కావలసినంత భాష లేకుండెను. వారానికి కొన్ని గంటలు పాపకు వేఱుగ ఇంగ్లీషు నేర్పు పంతులమ్మ యీ సంగతి విని, తల్లిని పిలిపించి, “దయచేసి మీ భాషను మానవలదు” అని చెప్పెను. ఆ టొరొంటో నగరములోనే పరిశోధన చేసిన జిమ్ కమిన్స్ అను విద్యావేత్త, వలసవచ్చిన బిడ్డలకు ఆటపాటలలోని ఇంగ్లీషు రెండేండ్లలో పట్టువడినను, పాఠ్యగ్రంథములలోని ఇంగ్లీషులో తోడివారిని అందుకొనుటకు ఐదు మొదలు ఏడేండ్లు పట్టుననియు, ఇంటిభాషలో బలపడిన ఆలోచన రెండవ భాషకు ఊతమగుననియు నిరూపించినాడట. టొరొంటో ఉన్న ఒంటారియో రాష్ట్రముననే 1977 నుండి వలసవచ్చినవారి భాషలను ప్రభుత్వ సహాయముతో నేర్పు పద్ధతి కలదనియు ఆమె తెలిపెను. నాటి రాత్రి భోజనము వేళ తల్లి తెలుగు గుక్క తిప్పుకొనకుండ ప్రవహించెను. అంతటి సంతోషమును నే నా యింట అంతవఱకు వినియుండలేదు.

2015 ఫిబ్రవరి మాసము టొరొంటో ఎఱిగిన మిక్కిలి శీతలమైన మాసములలో నొకటి. ఎండకు తాళుటకు పుట్టిన నేలనుండి వచ్చిన నాకు, చలికి తాళుట కులవృత్తియే గనుక, నాకేమియు కొఱత లేకపోయెను. పాపకు మాత్రము విరామవేళ వెలుపలికి పోవుటకు మంచు లాగు, మంచు జోళ్లు, చేతితొడుగులు వరుసగా తొడుగుకొనుట ఒక యుద్ధము. ఆమె ముగించుసరికి తక్కినవారు సగ మాట ఆడియుండెడివారు.

మార్పు నేనెదురుచూడని దిక్కునుండి వచ్చెను. ఒంటారియోలో ఇంగ్లీషు బడులలో చదువు బిడ్డలు నాలుగవ తరగతినుండి ఫ్రెంచి నేర్చుట విధి. ఇంగ్లీషు తరగతిలో అందఱికంటె వెనుకనున్న పాప, ఫ్రెంచి తరగతిలో అందఱితో సమానముగ సున్న దగ్గఱ నిలిచినది. పుట్టుక మొదలు ఒకే భాషలో బ్రదికిన బిడ్డలు కొందఱు, ఒక వస్తువునకు రెండవ పేరుండుటయే అన్యాయమన్నట్లు విసుగుకొనుచుండగా, పాపకు అది వింతగా తోచలేదు. అవ్వ యొడిలోనే ఆమె రొట్టె నొకమారు రొట్టెయనియు, మఱియొకమారు రొట్టియనియు తినినది గదా! నా చాటున ఆమె వ్రేళ్లు మడచుచు లెక్కించెడిది: ఒకటి, ఒందు, అన్, రెండు, ఎరడు, దో, మూడు, మూరు, త్రువా. ఇరువది వఱకు మూడు వరుసలు తప్పకుండ పలికినరాత్రి, ఆమె నన్ను కాళ్లతో తన్ని నేలకు పడద్రోసి తల్లియొద్దకు పరుగెత్తెను. మఱునాడు ఫ్రెంచి తరగతిలో తానుగా చేయెత్తినది. పిమ్మట ఇంగ్లీషు తరగతిలోను ఎత్తినది.

విడపనకల్లు బిడ్డ చేతులు ఖాళీగా ఆ తరగతికి పోలేదని నేను మొదటినుండి ఎఱుగుదును. ఆమెయొద్ద నేమి లేదో అడిగినవారు పలువురు. ఏమి యున్నదో అడిగినవారు అరుదు.

2015 చివరను, 2016 మొదటను, ఇరువదియైదువేలమందికి పైగా సిరియా దేశపు శరణార్థులను కెనడా చేర్చుకొన్నది. అట్లు వచ్చిన బాలుడొకడు, పాప ఐదవ తరగతిలో నుండగా, వారి తరగతిలో చేరెను. వా డొక మాటయు మాటలాడడని పిల్ల లనుకొనుచుండిరి. ఒకనాటి సాయంకాలము జొన్నరొట్టె తినుచు పాప తల్లితో చెప్పిన మాటలు, ఆరబెట్టిన తీగపైనుండి నేను వింటిని:

“వాడు బెంచీ మింద ఊరికే కదుల్తాండెమ్మా. మిస్సుకు తెలీల్యా. నాకు తెల్సిపాయె. చెయ్యి పట్టుకోని తోడ్కపోయి వాష్‌రూమ్ యాడుండాదో చూపించినా. ఆ మాట ఎట్ల చెప్పల్లో రేపట్నుంచి రోజూ నేర్పిస్తా.”