కోడిపెట్టకు టీకా తాత్పర్యం

మూలము

ఆ. నిన్న గింజలేరి నేడేల కునికేవు
పచ్చ పారుడేల పక్షిరాజ
మెడను తిప్పి తిప్పి మిన్నునే చూచేవు
చెప్పు కోడిపెట్ట చెప్పు చెప్పు

అవతారిక

ఇది చాటువు. జంషెడ్‌పూర్ కదమాలో ఒక కంపెనీ క్వార్టరు పెరట్లో, జామచెట్టు కింద, జనవరి చివరి వారంలో పుట్టింది. కవయిత్రి మామగారి తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి కొలిమి పనికి వచ్చినవాడు. పెరట్లో పుంజు ఒకటి, పెట్టలు అరడజనుకు పైన. వీటిలో వనరాజా జాతివి హైదరాబాదు రాజేంద్రనగర్ కోళ్ళ పరిశోధన సంస్థ వంశం, ఝార్‌సిమ్ జాతివి రాంచీ బిర్సా వ్యవసాయ విశ్వవిద్యాలయం వంశం. తక్కినవి నాటువి, గోత్రం అడగరాదు.

కోడి విషయంలో తెలుగువాడికి శాస్త్రం లేదనరాదు. డేగ, కాకి, నెమలి, పింగళ అని రంగులు విభజించి ఏనాడు ఏది గెలుస్తుందో చెప్పే కుక్కుటశాస్త్రం ఉండనే ఉంది. పందెం కట్టని ఇల్లాలి పెట్ట తల వేలాడేసినప్పుడు మాత్రం అది అక్కరకు రాదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాఖ్య.

ప్రతిపదార్థము

నిన్న = నిన్నటిదాకా బాగానే ఉందన్న యజమానురాలి నమ్మకం. నమ్మకమే. నలతగా ఉన్న కోడిని సాటి కోళ్ళు పొడుస్తాయి, పైనుంచి గద్ద కనిపెడుతుంది. అందుచేత కోడి జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. ఇల్లాలి కంటబడేసరికి రోగం లోపల ముదిరి ఉంటుంది కనుక “నిన్న” అన్నచోటల్లా “నాలుగైదు నాళ్ళ క్రితం” అని అన్వయించుకోవాలి.

కునికేవు = ఈకలు ఉబ్బించి, రెక్కలు జార్చి, కళ్ళు అరమోడ్చి ఉన్నావు. కోడికి ఏ జబ్బు చేసినా మొదటి వేషం ఇదే. దీన్నిబట్టి రోగం పేరు చెప్పినవాడు పండితుడు కాడు.

పచ్చ పారుడు = పచ్చని నీళ్ళ రెట్ట. పూర్వవ్యాఖ్యాతలు ఎక్కువమంది జారిపడింది ఇక్కడే. తిండి మానేసిన కోడి పేగులో పిత్తరసం తప్ప మరేమీ ఉండదు, ఆ పసరే కిందికి దిగుతుంది. పచ్చదనం చూసి చెప్పగలిగిందల్లా ఇది తినడం లేదని. ఆ సంగతి మొదటి పాదంలోనే వచ్చింది గనుక లాక్షణికులు పునరుక్తి దోషమంటారు. రెట్ట ఎర్రగా ఉంటే వ్యాఖ్య వేరు. అది రక్తపారుడు, తడి నేల మీద తిరిగే కోడిపిల్లలకు ఎక్కువగా వస్తుంది, నీళ్ళలో ఆంప్రోలియం కలిపి పడితే చాలావరకు దారికొస్తుంది. మన కవయిత్రికి అంత అదృష్టం లేదు.

పక్షిరాజ = గరుత్మంతుడా! పెట్టను పట్టుకుని రాజా అనడం లింగవిరోధమని కొందరు. రోగి మంచం దగ్గర మర్యాద ఎక్కువవడం లోకసహజమని మా సమాధానం.

మెడను తిప్పి తిప్పి = పద్యానికి ప్రాణం ఇదే. దీని మీదే వాదాలన్నీ.

పూర్వపక్షాలు

పక్క క్వార్టరు వదినగారిది దృష్టివాదం. “దిష్టి తగిలినాది, ఉప్పూ మిరపకాయా దిగదుడిచి పొయ్యిలో ఎయ్యండి” అని ఆవిడ తీర్పు. ఖర్చు లేదు, కోడికి నొప్పి లేదు. అందుకని ఖండించకుండా వదిలేస్తున్నాం.

వెనక లైనులో రిటైరైన బాబాయిగారిది ధూమవాదం. సర్వానికీ కారణం కొలిమి గాలి. ఆయన మోకాళ్ళనొప్పులకూ అదే, వెనకటి కాంగ్రెసు ఓటమికీ అదే. కాని సాక్చీలో టాటావారి కొలిమి 1911 నుంచి మండుతోంది, కోళ్ళు పడుతున్నది పోయిన మంగళవారం నుంచి. పైగా అదే గాలి పీల్చిన పావురాలు ఆ ఇంటి కప్పు మీదే కులాసాగా ఉన్నాయి.

మూడోది గుళికవాదం. మనుషుల టెట్రాసైక్లిన్ గొట్టం విప్పి, పొడి నీళ్ళలో కలిపి ముక్కు పట్టి పోయడం. వైరస్‌ను ఆ మందు తాకదు. వైద్యుడు చెప్పిన గడువు లేకుండా వాడితే మందు గుడ్డులోకి దిగి ఇంటిల్లిపాదీ తింటారు. అయినా ఈ వాదానికి శిష్యులు ఎక్కువే. ఎలాగూ బతకవలసిన కోడి బతికితే పేరు గుళికకు వస్తుంది కదా.

నాలుగోవాడు మేనల్లుడు, ఫోను చేతిలో ఉన్నవాడు. వీడిని మాత్రం గౌరవంగా ఖండించాలి. బి1 విటమిను తక్కువైన కోడి నిజంగానే తల వెనక్కి వాల్చి ఆకాశం చూస్తుంది. ఇ విటమిను తక్కువైన పిల్లలూ మెడ మెలిపెట్టి పడతాయి. తొందరగా విటమిను పోస్తే బి1 తక్కువైనవి తొందరగానే తేరుకుంటాయి. తెచ్చి పోయడంలో తప్పులేదు. అయితే విటమిను లోపం గోడ దూకి పక్క పెరట్లోకి పోదు.

సిద్ధాంతము

పద్యంలో “పెట్ట” ఏకవచనం. మర్నాటికి మూడు, ఆ వారంలోనే వెనక లైనులో ఇంకో పెరడు. రోగాన్ని పట్టి ఇచ్చేది రెట్ట రంగు కంటే ఈ నడక. దానికి తోడు ముక్కు తెరిచి గాలికి ఎగబడడం, గొంతులో గురగుర, తోలుగుడ్లు. ఊళ్ళో పెద్దవాళ్ళు దీన్ని కొక్కెర తెగులు అంటారు, కాగితాల మీద రాణీఖేత్.

ఇక కాలనిర్ణయం. మనకు సంక్రాంతి అయిన రోజుల్లోనే ఇక్కడివారికి మకర పర్వం, టుసు పండుగ. వాటితోపాటే పల్లెల్లో ముర్గా లడాయి, అంటే కోడిపందెం. ఓడిన పుంజు కూరకు వస్తుంది. దాని ఈకలు, పేగులు, కడిగిన నీళ్ళు పెరట్లోకి వెళ్తాయి, పెట్టలు పరిగెత్తి ఏరుకుంటాయి. వైరస్ లోపల పడ్డాక బయటపడడానికి మామూలుగా ఐదారు రోజులు, ఒక్కోసారి రెండు వారాలు. పద్యం జనవరి చివరిలో పుట్టడానికి కారణం ఇంతకంటే వెతకనక్కర్లేదు.

1926లో ఈ తెగులు జావాలోనూ, ఇంగ్లండులో న్యూకాజిల్ అనే బొగ్గుల ఊళ్ళోనూ బయటపడింది. తరవాత కుమావూ కొండల్లోని రాణీఖేత్‌లో కనబడి, మన దేశంలో ఆ ఊరి పేరుతోనే స్థిరపడింది. 1940ల్లో దీనికి టీకామందుగా పెంచిన ముక్తేశ్వర్ రకం వైరస్ కూడా ఆ కొండల్లోదే. రోగానికి ఊరి పేరు దొరికిన చోటనే విరుగుడుకూ దొరకడం విశేషం.

ప్రామాణిక ప్రతి

బతికున్న కోడి ఇచ్చేది అసంపూర్ణ ప్రతి. పూర్తి పాఠం చచ్చిన కోడిలో ఉంటుంది. పశువుల ఆసుపత్రిలో కోసి చూస్తే, కందనకాయకు పైనున్న మెత్తటి పొట్ట లోపలి గోడ మీద సూదిమొనంత రక్తపు చుక్కలు కనబడతాయి. ఇంట్లో కత్తిపీట ముందేసుకుని ఈ పరిశోధన చేయరాదు. బర్డ్ ఫ్లూ కూడా ఇంచుమించు ఇలాగే కనబడుతుంది. మన సాటి ఉక్కు ఊరు బొకారోలో 2023 ఫిబ్రవరిలో సర్కారు ఫారంలోని కడక్‌నాథ్ కోళ్ళకు వచ్చింది, 2024 ఏప్రిల్లో రాంచీ హోట్వార్ ఫారానికి. రెంటి తేడా కంటితో తేలదు, భోపాల్ ప్రయోగశాల తేల్చాలి. చచ్చిన కోడిని ముక్కుకు గుడ్డ కట్టుకుని, చేతికి సంచి తొడుక్కుని తీయాలి. కూర వండరాదు, పనిమనిషికి ఇవ్వరాదు, ఖర్ఖాయి నదిలో పారేయరాదు. ఆసుపత్రివారు వద్దన్నవాటిని లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

చికిత్స

లేదు. ఈ పదానికి వేరే అర్థం లాగడానికి ప్రయత్నించినవారి కోళ్ళు కూడా పోయాయి. పడ్డదాన్ని వేరే గంప కింద పెట్టి, వెచ్చగా ఉంచి, గ్లూకోజు నీళ్ళు చుక్కచుక్కగా పట్టడం వరకే మానవప్రయత్నం. బతికినవాటిలో కొన్నిటికి మెడ వంకర అలాగే ఉండిపోతుంది. అవి గింజను గురిచూసి పక్కన పొడుస్తాయి, అయినా గుడ్డు పెడతాయి.

చేయవలసింది రోగం రాకముందే: పిల్ల పుట్టిన వారంలోపే కంట్లో ఒక చుక్క టీకామందు, ఎనిమిది వారాలు దాటాక రెక్క దగ్గర చర్మం కింద ఆర్2బి అనే టీకా సూది. చెప్పడం సులువు. సీసాలో వందో రెండు వందలో డోసులుంటాయి, ఐసులో తేవాలి, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి. అరడజను పెట్టల ఇల్లాలికి ఎవరు సీసా విప్పుతారు? అందుకని కవయిత్రి గోడ గోడకూ తిరిగి, తెగులు తాకని ఇళ్ళవాళ్ళను ఒక ఆదివారం పొద్దున్నే బుట్టలతో సహా ఒకచోట చేర్చిందని పరంపర. దృష్టివాది వచ్చింది, గుళికవాది వచ్చాడు. ధూమవాది తన రెండు పెట్టలను చంకలో పెట్టుకుని వరసలో ముందు నిలబడి, ఈ సూది కొలిమి గాలికి కూడా పనిచేస్తుందా అని కాంపౌండరును నిలదీశాడు.